వాము నూనెకు తలుపులున్న గది కావాలి

గాజు పళ్ళెంలో శిలీంధ్రాన్ని పెంచి, దానికి వాము నూనె ఆవిరి తగిలేలా చేస్తే ఎదుగుదల ఆగిపోతుంది. లవంగ నూనె, నిమ్మగడ్డి నూనె, తులసి నూనె కూడా కాస్త ఎక్కువగానో తక్కువగానో ఇదే పని చేస్తాయి. ఇలాంటి ఫలితాలతో మన దేశంలోనూ బయటా వెలువడిన పరిశోధన పత్రాలు కుప్పలుగా ఉన్నాయి. అవే నూనెలు మిరపలో కాయకుళ్ళునో, వరిలో పాముపొడ తెగులునో ఆపి, రైతు చేత రెండోసారి కొనిపించుకున్న దాఖలాలు మాత్రం అరుదు. ఈ తేడాను చూసి కొందరు వ్యవసాయాధికారులు నూనెల మాటనే కొట్టిపారేస్తున్నారు. సేంద్రియ సాగు మీద మక్కువ ఉన్నవారేమో, మంచి మందును కంపెనీలు తొక్కిపెడుతున్నాయని అనుమానిస్తున్నారు. ఇద్దరూ అసలు సంగతిని వదిలేస్తున్నారనిపిస్తుంది. నూనెల్లో సత్తా ఉంది. దాన్ని వాడాల్సిన చోటు వేరు. ఎండా గాలీ ఆడే పొలం కన్నా ముందు విత్తనాల గిడ్డంగికి, పండ్లను శుభ్రం చేసి పెట్టెల్లో సర్దే షెడ్డుకు, గాలి చొరబడని సంచికి వీటిని పంపాలి. ప్రభుత్వాలు, విశ్వవిద్యాలయాలు ఈ దిశలో ఖర్చు పెట్టే రూపాయి, పిచికారీ ప్రయోగాల మీద పెట్టే పది రూపాయల కన్నా ఎక్కువ ఫలితమిస్తుందని నా వాదన.

ఇవి వంటింట్లో వాడే నువ్వుల నూనె, వేరుశనగ నూనె లాంటివి కావు. ఆకునో గింజనో నీటి ఆవిరికి పెట్టి, ఆ ఆవిరిని చల్లార్చితే నీళ్ళ నుంచి విడిపోయే పలచటి ద్రవాలు. వాములో థైమాల్, లవంగంలో యూజినాల్, నిమ్మగడ్డిలో సిట్రాల్ ముఖ్యంగా పనిచేసే పదార్థాలు. కొవ్వులో తేలిగ్గా కలిసిపోయే గుణం వల్ల ఇవి శిలీంధ్ర కణాన్ని చుట్టి ఉండే పొరలోకి చొరబడతాయి. ఆ పొరకు బిగువునిచ్చే ఎర్గోస్టెరాల్ అమరిక చెదిరిపోయి, కణం లోపలి లవణాలు బయటికి కారిపోతాయి. దుకాణాల్లో దొరికే హెక్సాకొనజోల్, ప్రోపికొనజోల్ లాంటి మందులు కూడా ఈ ఎర్గోస్టెరాల్ తయారీనే అడ్డుకుంటాయి. కాబట్టి నూనెలు కొట్టే దెబ్బలో మంత్రం ఏమీ లేదు, శాస్త్రానికి బాగా తెలిసిన చోటే అది. చిక్కల్లా ఈ అణువులు మరీ తేలికైనవి కావడం. వాసన వస్తోందంటేనే అవి గాలిలోకి లేచిపోతున్నాయని అర్థం. మూత తీసి పెట్టిన డబ్బాలో కర్పూరం బిళ్ళ ఎలా తరిగిపోతుందో, ఆకు మీద పడ్డ థైమాల్ కూడా అలాగే పోతుంది. ఎండ కాస్తే ఇంకా తొందరగా పోతుంది. మూత పెట్టిన గాజు పళ్ళెంలో ఆ అణువులకు పారిపోయే దారి లేదు. ప్రయోగశాల ఫలితం అంత బ్రహ్మాండంగా కనిపించడానికి సగం కారణం ఆ మూతే.

పొలంలో తెగులు మందు చేయాల్సిన పని వేరు. మాంకోజెబ్ చల్లితే అది ఆకు మీద పొరలా ఉండిపోయి, కొత్తగా వచ్చిపడే బీజాలను వారం పది రోజుల పాటు మొలకెత్తనివ్వదు. నూనె అంతసేపు కాపలా కాయలేదు. ఖర్చు సంగతీ చూద్దాం. ఎకరాకు 200 లీటర్ల ద్రావణం, అందులో నూనె అర శాతం అనుకుంటే ఒక లీటరు నూనె కావాలి. కిలో వెయ్యి రూపాయలకే దొరుకుతుందనుకున్నా, నూనెను నీళ్ళలో కలిపే పదార్థం ఖర్చు పక్కన పెట్టినా, ఒక్క పిచికారీకి దాదాపు వెయ్యి రూపాయలు. అది నాలుగు రోజులైనా నిలవదు. సీజనులో పదేపదే మందు కొట్టే మిరప రైతుకు ఈ లెక్క వినిపించాల్సిన పని లేదు, ఆయనే చెబుతాడు. పోనీ మోతాదు పెంచుదామంటే మరో ప్రమాదం. అమెరికాలో లవంగ నూనెను సేంద్రియ రైతులకు కలుపు మందుగా అమ్ముతారు. లేత కలుపు ఆకుల్ని మాడ్చే ద్రవం లేత మిరప ఆకును వదిలిపెట్టదు. ప్రకృతిలోంచి వచ్చింది కాబట్టి ఎంత చల్లినా మేలే అనుకునేవారు ఈ ఒక్క విషయం గుర్తుపెట్టుకుంటే చాలు. చిక్కటి లవంగ నూనె చర్మానికి తగిలినా మంట పుట్టిస్తుంది, కంట్లో పడితే చెప్పనక్కర్లేదు.

పొలంలో ఇవి ఎక్కడా పనిచేయలేదా అంటే, చేశాయి. 2013 డిసెంబరులో యూరోపియన్ యూనియన్ థైమాల్, యూజినాల్, జెరానియాల్ మూడింటినీ పంట రక్షణ పదార్థాలుగా ఆమోదించింది. ఈ మూడింటినీ కలిపి తయారుచేసిన మందును అక్కడి ద్రాక్ష తోటల్లో గుత్తుల్ని కుళ్ళబెట్టే బోట్రైటిస్ బూజు మీద వాడుతున్నారు. ఇజ్రాయెల్ సంస్థ ఒకటి టీ ట్రీ నూనెతో చేసిన మందు లాటిన్ అమెరికా అరటి తోటల్లో సిగటోక ఆకుమచ్చ తెగులు మీద వాడుకలో ఉంది. ద్రాక్ష మందు పనిచేసే తీరు చెప్పుకోదగ్గది. నూనెల్ని నేరుగా చల్లరు. రొట్టెలు పొంగించే ఈస్టు కణాల ఖాళీ గుల్లల్లో వాటిని నింపుతారు. ఆకు పొడిగా ఉన్నంతసేపు నూనె గుల్లలోనే ఉంటుంది. మంచో వానో పడి తడి తగిలినప్పుడు మెల్లగా బయటికి వస్తుంది. బూజు మొలకెత్తేది కూడా ఆ తడిలోనే. అంటే పొలంలో నెగ్గిన నూనె కూడా తన చుట్టూ ఒక చిన్న గదిని కట్టుకునే నెగ్గింది. ఆ గుల్లల సాంకేతికత పేటెంట్లతో, ఫ్యాక్టరీలతో, ఏళ్ళ తరబడి పరీక్షలతో వచ్చింది. ఊళ్ళో బట్టీ పెట్టి తీసిన నిమ్మగడ్డి నూనెను సబ్బు నీళ్ళలో గిలకొట్టి చల్లితే అదే ఫలితం వస్తుందని ఆశ పెట్టడం రైతును మోసం చేయడమే.

మూసిన గదిలో కథ మారిపోతుంది. ఎగిరిపోవడం అనే లోపం అక్కడ గుణంగా మారుతుంది. ద్రవం చేరలేని సందుల్లోకి, కాయకూ కాయకూ మధ్యకు, బస్తా నడిమధ్యకు ఆవిరి చేరుతుంది. తడి అంటకుండా పని జరుగుతుంది. ఇది ఊహ కాదు. యూరప్‌లో నిల్వ చేసిన బంగాళాదుంపలు మొలకెత్తకుండా దశాబ్దాలుగా క్లోర్‌ప్రోఫామ్ అనే రసాయనం వాడేవారు. 2019లో దాని అనుమతిని కొనసాగించకూడదని యూరోపియన్ యూనియన్ నిర్ణయించాక, పుదీనా జాతికి చెందిన స్పియర్‌మింట్ నూనెను పొగమంచులా గిడ్డంగుల్లోకి వదిలే పద్ధతి బలపడింది. అంతకు ముందే, 1990ల్లోనే నెదర్లాండ్స్‌లో సీమజీలకర్ర నూనె నుంచి తీసిన కార్వోన్‌ను ఇదే పనికి వాడారు. అది మొలకను ఆపడంతో పాటు నిల్వలో వచ్చే కుళ్ళును కూడా తగ్గించింది. తేనెటీగల పెంపకందారులు పెట్టెలో థైమాల్ పెట్టి వరోవా పురుగును అదుపు చేయడం ప్రపంచమంతటా మామూలు విషయం. అక్కడా తేనెపెట్టె అనే గదే థైమాల్‌ను పట్టి ఉంచుతుంది. దక్షిణాఫ్రికాలో అవకాడో పండ్ల మీద మచ్చ తెగులును థైమ్ నూనె ఆవిరితో, ప్యాకింగ్‌లో ఉండగానే తగ్గించవచ్చని పరిశోధకులు చూపించారు. మన దేశంలో బనారస్ హిందూ విశ్వవిద్యాలయం వృక్షశాస్త్ర విభాగం దశాబ్దాలుగా ఇలాంటి నూనెల్ని నిల్వ ధాన్యాల మీద పెరిగే బూజులపై పరీక్షిస్తూ వస్తోంది. ఆ పరీక్షల్లో మళ్ళీ మళ్ళీ కనబడే సంగతి ఒకటుంది: బూజు పెరుగుదల పూర్తిగా ఆగడానికి కావలసిన మోతాదు కన్నా తక్కువలోనే అది విషం తయారు చేయడం మానేస్తుంది.

ఆ విషం పేరు ఆఫ్లాటాక్సిన్. తెలుగువారికి ఇది పరాయి విషయం కాదు. 1960లో ఇంగ్లండ్‌లో లక్షకు పైగా టర్కీ కోళ్ళు కారణం తెలియకుండా చచ్చిపోయాయి. ఆరా తీస్తే బ్రెజిల్ నుంచి వచ్చిన వేరుశనగ చెక్కలో పెరిగిన ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు బయటపడింది. 1974లో రాజస్థాన్, గుజరాత్ గిరిజన గ్రామాల్లో బూజు పట్టిన మొక్కజొన్న తిని కామెర్లతో మంచం పట్టిన 397 మందిలో 106 మంది ప్రాణాలు కోల్పోయారు. ఆ ఘటనను పరిశోధించి కారణం ఆఫ్లాటాక్సినేనని ప్రపంచానికి చెప్పింది హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు. కాలేయ క్యాన్సర్ కారకాల్లో తిరుగులేనివిగా తేల్చినవాటిలో ఇదొకటి. నేరుగా తినే వేరుశనగలో మొత్తం ఆఫ్లాటాక్సిన్ కిలోకు 4 మైక్రోగ్రాములు దాటితే యూరప్ రానివ్వదు. మన దేశంలో శుద్ధికి వెళ్ళే వేరుశనగకు 15 దాకా అనుమతి ఉంది. అనంతపురం నుంచి మహబూబ్‌నగర్ దాకా వేరుశనగ పండించే నేలల్లో ఈ బూజు మట్టిలోనే కాచుకుని ఉంటుంది. కాయ ఊరే దశలో వాన ముఖం చాటేసి నేల వేడెక్కిందంటే పొలంలోనే గింజలోకి చేరుతుంది. పొలంలోనే చేరిన ఆ భాగాన్ని ఏ నూనే తీసేయలేదు. ఒకసారి తయారైన విషాన్ని నూనె విరగ్గొట్టలేదు, వేయించినా పూర్తిగా పోదు. పీకిన తర్వాత, సరిగ్గా ఆరని కాయల్ని గోనె సంచుల్లో నెలల తరబడి పేర్చిన తర్వాత పెరిగే భాగం ఉంది చూశారూ, నూనెలు అడ్డుపడగలిగేది అక్కడ.

మొదట విత్తన వేరుశనగతో మొదలుపెట్టమని నేను అనడానికి కారణాలున్నాయి. విత్తనాన్ని ఎవరూ తినరు కాబట్టి వాము వాసన పట్టుకుందన్న బాధ లేదు. ఆంధ్రప్రదేశ్‌లో ఏటా ఖరీఫ్‌కు ముందు ప్రభుత్వం రాయితీ మీద వేరుశనగ విత్తనం పంచుతుంది. నెలల పాటు నిల్వ ఉండే ఆ కాయలు మొలకెత్తలేదన్న ఫిర్యాదులు, మొదలుకుళ్ళు తెగులుతో మొలకలు చచ్చిపోయాయన్న ఫిర్యాదులు ఊళ్ళలో వినేవే. ఇక లెక్క. ప్రయోగశాలలో మిల్లీలీటరు చోటుకు అర మైక్రోలీటరు నూనె సరిపోయిందనుకుందాం. ఘనపు మీటరుకు అది అర లీటరు. ఆ చోటులో సుమారు రెండున్నర క్వింటాళ్ళ కాయలు పడతాయి. నూనె ధర వెయ్యి రూపాయలనుకుంటే క్వింటాలుకు 200 రూపాయలు. 2025-26 మద్దతు ధర 7,263 రూపాయలతో పోలిస్తే మూడు శాతం లోపు. అయితే ఖాళీ సీసాలో పనిచేసిన మోతాదు కాయలతో నిండిన గదిలో చాలదు, పొట్టు కొంత నూనెను పీల్చేసుకుంటుంది. రెట్టింపు కావాల్సి వస్తే ఖర్చు ఆరు శాతం దగ్గరికి పోతుంది. విత్తనానికైతే ఆ భారం మోయవచ్చు. గానుగకు పోయే కాయకు మోయలేం. అందుకే ప్రతి గోదాములోనూ నూనె పొగ పెట్టమని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

ఇక్కడ శాస్త్రం తెలిసినవారు రెండు గట్టి అభ్యంతరాలు లేవదీస్తారు. థైమాల్, సిట్రాల్ లాంటివి మోతాదు మించితే విత్తనం మొలకను కూడా అణచేస్తాయి, బూజును చంపి విత్తనాన్నీ చంపితే ఏం లాభం అన్నది మొదటిది. నిజమే, బూజు చచ్చే మోతాదుకూ మొలక దెబ్బతినే మోతాదుకూ మధ్య ఎడం ఎంతో ఒక్కో రకానికి, ఒక్కో తేమ స్థాయికి కొలిచి చూడాల్సిందే. కానీ అది నూనెల్ని వదిలేయడానికి కారణం కాదు, విత్తన పరిశోధన కేంద్రాలకు అప్పగించాల్సిన పని. రెండోది నాకు ఇంకా ముఖ్యమనిపిస్తుంది. మనం సేంద్రియ పద్ధతుల పేరుతో విత్తనానికి పట్టించమని చెబుతున్న ట్రైకోడెర్మా కూడా శిలీంధ్రమే. నూనె దాన్ని మినహాయించదు. ఒకే సంచిలో రెండూ కలిపితే ఒకదాని ఖర్చు మరొకటి తుడిచేస్తుంది. నిల్వలో నూనె, విత్తే ముందు గాలికి ఆరబెట్టి అప్పుడు ట్రైకోడెర్మా అనే వరుసలో వెళ్ళాలి. ‘సహజ’ మందులన్నీ కలిపి వాడమని చెప్పే కరపత్రాల్లో ఈ మాట కనిపించదు.

మరో అభ్యంతరం ఆచరణ తెలిసినవారిది. కాయను ఎనిమిది శాతం తేమకు ఆరబెడితే బూజు రాదు, నూనెల గొడవ దేనికి? ఈ ప్రశ్నకు ఎదురు చెప్పను. ఆరబెట్టడానికి ప్రత్యామ్నాయంగా నూనెను చూపించేవాడు ఈ విషయం అర్థం చేసుకోనివాడు. తడి కాయ మీద ఎంత ఆవిరి పట్టినా, ఆవిరి తగ్గగానే బూజు మళ్ళీ లేస్తుంది. కానీ పీకిన వారానికే అల్పపీడనం వచ్చి పడే ఏడాదిలో, కల్లం మీద టార్పాలిన్ కప్పుకుని కూర్చున్న రైతుకు ఎనిమిది శాతం అనే అంకె అందనంత దూరంలో ఉంటుంది. కొంత ఆరి, ఇంకొంత ఆరాల్సిన ఆ నడి రోజుల్లో కూడా నూనె ఎంత కాపాడగలదో కొలిచి చూడదగ్గది. పశ్చిమ ఆఫ్రికా అలసంద రైతుల కోసం అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయం రూపొందించిన మూడు పొరల సంచులు ఇప్పుడు మన దేశంలోనూ దొరుకుతున్నాయి. గాలి చొరబడని సంచి ఆవిరిని కూడా బయటికి పోనివ్వదు, కాబట్టి సంచీ నూనే కలిపి పరీక్షించడం సహజమైన తరువాతి మెట్టు. కొలవడానికి చవకైన ఆఫ్లాటాక్సిన్ పరీక్ష కోసం ఎక్కడికో పోనక్కర్లేదు, పటాన్‌చెరులోని ఇక్రిశాట్ దాన్ని ఎప్పుడో తయారుచేసి పెట్టింది. పూర్వం గరిసెల్లో వావిలాకు, వేపాకు వేసేవారు కదా, మనవాళ్ళకు ఇదంతా తెలుసు అని మురిసిపోయేవారికి ఒక మాట: ఆ ఆకులు ప్రధానంగా పురుగు కోసం వేసినవి. బూజు మీద అవి పనిచేశాయని చెప్పడానికి ఆధారం వేరే కావాలి.

మిరప దగ్గర నేను కాస్త తగ్గుతాను. గుంటూరు శీతల గిడ్డంగుల్లోని ఎండుమిర్చికి ఆఫ్లాటాక్సిన్ బెడద ఉన్నమాట నిజమే. యూరప్ పెట్టిన హద్దు మసాలా దినుసులకు కిలోకు 10 మైక్రోగ్రాములు. కానీ లవంగం వాసన కొట్టే మిర్చిని ఏ కొనుగోలుదారూ ముట్టుకోడు. అక్కడ శుభ్రమైన కల్లాలు, సౌర డ్రయ్యర్లే దారి. మామిడి వేరు. తొక్క తీసి తింటాం కాబట్టి, తొక్క మీది మచ్చ తెగులును అట్టపెట్టెలోని ఆవిరితో ఆపితే రుచి చెడే అవకాశం తక్కువ.

ఉన్న మందులు చాలవా అనేది అన్నిటికన్నా సూటి ప్రశ్న. కొన్నాళ్ళు చాలతాయి. మెటలాక్సిల్ 1977లో మార్కెట్లోకి వస్తే 1980కల్లా ఐర్లండ్, నెదర్లాండ్స్ బంగాళాదుంప పొలాల్లో తెగులు దానికి లొంగడం మానేసింది. 1996లో వచ్చిన స్ట్రోబిలురిన్ మందులకు 1998లోనే జర్మనీ గోధుమల్లో బూడిద తెగులు ఎదురు తిరిగింది. మరోవైపు అవశేషాల హద్దులు బిగుస్తున్నాయి. అగ్గితెగులుకు మనం విరివిగా వాడే ట్రైసైక్లజోల్ హద్దును యూరప్ 2017లో కిలోకు 1 మిల్లీగ్రాము నుంచి 0.01కి దించేసరికి బాస్మతి ఎగుమతిదారులు ఉక్కిరిబిక్కిరయ్యారు. కణపు పొరను అనేక చోట్ల దెబ్బతీసే నూనెకు నిరోధకత అంత త్వరగా రాదని ఆశించవచ్చు, ఎప్పటికీ రాదని హామీ ఇవ్వలేం. ఉన్న మందుల్ని పారేయమని కాదు నేననేది. వాటి మీద పడే భారంలో కొంత గిడ్డంగిలో దించుకోవచ్చని.

ఇక మిగిలింది సీసా మీద ఏం రాస్తారన్నది. 1968 నాటి క్రిమిసంహారక మందుల చట్టం ప్రకారం తెగులును ఆపుతుందని చెప్పి అమ్మే ప్రతి మందూ నమోదు కావాలి. ఆ దారి ఖర్చుతో కూడుకున్నది కాబట్టి చాలా సీసాలు ‘బయో’ అనీ, మొక్కకు బలమనీ చెప్పుకుని పక్కదారిన వస్తున్నాయి. లోపల ఏముందో ఎవరికీ తెలియదు. సుగంధ నూనెలకు ఇది మరీ ప్రమాదం, ఎందుకంటే ఒకే మొక్క నూనె కూడా ఒకేలా ఉండదు. ఒక తులసిలో యూజినాల్ ఎక్కువ, మరో తులసిలో మిథైల్ చావికాల్ ఎక్కువ. కోసిన కాలం, బట్టీలో ఉంచిన సమయం కూడా పాళ్ళను మార్చేస్తాయి. పేరు చూసి కొన్న నూనె ఈసారి పనిచేసి మరోసారి చేయకపోతే తప్పు మొక్కది కాదు. ఈ పాళ్ళను కొలిచే నైపుణ్యం మనకు దగ్గర్లోనే ఉంది. లక్నోలోని కేంద్ర ఔషధ, సుగంధ మొక్కల సంస్థకు హైదరాబాద్ బోడుప్పల్‌లో పరిశోధన కేంద్రం ఉంది.

సుగంధ పంటల రైతుకు దీనివల్ల ఒరిగేదేమిటని అడిగితే, అతిగా ఆశ పెట్టకూడదు. మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు మన వాము గింజలు ఓడలెక్కి జర్మనీ వెళ్ళి థైమాల్‌గా మారేవి. తర్వాత థైమాల్‌ను ఫ్యాక్టరీలో రసాయనాలతోనే తయారుచేయడం నేర్చుకున్నారు. గిడ్డంగులకు ఉత్త థైమాలే చాలు అనుకుంటే కర్నూలు వాము రైతు దాకా డబ్బు రాదు. అనేక పదార్థాలు కలిసిన నూనెగా కొన్నప్పుడే వస్తుంది, అదీ నాణ్యత రుజువైతేనే. కిలోల లెక్కన కాకుండా నూనెలోని థైమాల్ శాతాన్ని బట్టి ధర కట్టే పద్ధతిని ప్రభుత్వ విత్తనాభివృద్ధి సంస్థలే మొదలుపెట్టవచ్చు. దానికి కొత్త చట్టం అక్కర్లేదు, పరీక్ష చీటీ లేని డ్రమ్మును తీసుకోబోమని టెండరు షరతుల్లో ఒక వాక్యం చేర్చితే సరిపోతుంది.